ట్రిక్సీ తర్వాత ఆర్డిత్

ఆర్డిత్ తొంభై మూడో వచనంలో ఉంది. ఆమె పైకి చదువుతున్న బైబిలు కీర్తనకి మొత్తం నూట డెబ్బై ఆరు వచనాలు. బంగాళాదుంపల మీద ఆవిరి ఎప్పుడో ఆరిపోయింది, గ్రేవీ మీద పొర కట్టింది, హార్లన్ కడుపులో ఎలకలు పరుగెడుతున్నాయి.

ముప్ఫై ఆరేళ్లుగా ఈ ఇంట్లో పద్ధతి ఒకటే. తినేముందు చిన్న ప్రార్థన, తిన్నాక వాక్యం, మళ్లీ ప్రార్థన. సోమవారం నుంచి అది తలకిందులైంది. మొదట దేవుడేనని మీ అబ్బాయే రాశాడు కాబట్టి వాక్యం ముందు, తిండి తర్వాత అని ఆర్డిత్ ప్రకటించింది. ఆ ప్రకటన కూడా మొగుడితో చెయ్యలేదు. మొగుడి తల్లితో చేసింది.

ఇవాళ బుధవారం. నాలుగు రోజులుగా ఆర్డిత్ హార్లన్‌తో ఏం చెప్పాలన్నా బల్లకి ఆ చివర కూర్చున్న ఎనభై ఎనిమిదేళ్ల హిల్డా ద్వారానే చెబుతోంది. హిల్డాకి ఈ ఉద్యోగం బాగా నచ్చింది. భర్త పోయిన తర్వాత తన అవసరం ఎవరికైనా ఇంతగా పడటం ఇదే మొదలు. కీర్తన చదివినంతసేపూ వినికిడి మిషన్ చెవిలోంచి తీసేసి, ఆమెన్ అనగానే మళ్లీ పెట్టుకుంటోంది.

ఆమెన్ అయింది. మిషన్ చెవిలోకి వెళ్లింది.

"అత్తయ్యా, ఉప్పు కావాలేమో మీ అబ్బాయిని అడగండి."

"ఉప్పు కావాలేంట్రా?"

"నాకు వినపడుతోందమ్మా. నేనిక్కడే ఉన్నాను."

"ఇక్కడే ఉన్నాడట," అని హిల్డా కోడలికి అందజేసింది.

ఉప్పు వెయ్యడానికి పళ్లెంలో ఏమైనా ఉండాలి కదా. మాంసం వేపుడులో మంచి ముక్కలన్నీ డబ్బాలో సర్దుకుని, తుంటి ఆపరేషన్ చేయించుకున్న పోస్మా గారి ఇంటికి వెళ్లిపోయాయి. హార్లన్ జాబితాలో రెండోది చర్చి సంఘం. వెన్నలో వేయించిన క్యారెట్లు గిన్నెతో సహా కొట్టంలోకి వెళ్లాయి. జాబితాలో నాలుగోది ట్రిక్సీ. ఇక మిగిలింది హార్లన్.

"మీ అబ్బాయి పేరు ఆ జాబితాలో ఎక్కడా లేదత్తయ్యా. ఏం పెట్టాలో నాకు తోచడం లేదు," అంది ఆర్డిత్. తోచకపోయినా చల్లారిన దుంపలు రెండు పెట్టింది.

అంతా ఆ కార్డు చేసిన పని. ఆదివారం నేథన్ పాస్టర్ గారు దేవుడికి మొదటి చోటు ఇవ్వడం గురించి ప్రసంగించి, చివర్లో తలా ఒక కార్డు పంచారు. ఈ వారం మీ బతుకులో దేని తర్వాత ఏది వచ్చిందో నిజాయితీగా వరసగా రాయండి, పేర్లు రాయొద్దు, కింద హాల్లో బోర్డుకి గుచ్చండి అన్నారు. ఆయన మిషిగన్ నుంచి వచ్చి రెండేళ్లే అయింది. ఈ ఊళ్లో పేరు రాయకపోవడం అంటే ఏమిటో ఆయనకింకా తెలియదు.

హార్లన్ నిజాయితీపరుడు. ఆ నిజాయితీయే కొంప ముంచింది. దేవుడు, సంఘం, పాలు పితకడం, ట్రిక్సీ కాలు, ఆర్డిత్ అని ఐదు వరసలు రాసి గుచ్చాడు. చుట్టుపక్కల నలభై మైళ్లలో ట్రిక్సీ అనే ఆవు ఒక్కటే, ఆర్డిత్ అనే ఆడది ఒక్కతే. కప్పుల్లో కాఫీ అయిపోయేలోగా సంఘమంతా చదివేసింది.

అది పొద్దున లేచిన దగ్గర్నుంచి జరిగే వరస అని అతను ఎంత చెప్పినా ఎవరు వింటారు? నాలుగున్నరకి లేచి దేవుణ్ణి తలుచుకుంటాడు. సంఘంలో జబ్బుపడ్డవాళ్ల కోసం ప్రార్థిస్తాడు. పాలు పితుకుతాడు. గిట్టలో చీము పట్టిన ట్రిక్సీ కాలికి కట్టు మారుస్తాడు. ఏడింటికి ఇంట్లోకొచ్చి ఆర్డిత్ ముఖం చూస్తాడు. అందులో తప్పేముంది? ఉన్న తప్పల్లా చెప్పిన తీరులోనే ఉంది. ఆదివారం కారులో ఇదంతా వివరించి, చివర్లో "ట్రిక్సీది నొప్పి కదా మరి" అని కలిపాడు. ఆ మాటకి ఆర్డిత్ నోరు మూసుకుంది. అతనితో ఇంతవరకూ తెరవలేదు.

రేపు సాయంత్రం ఏడింటికి ఇంటి దర్శనం. ఏడాదికోసారి సంఘ పెద్ద ఒకరు, పాస్టర్ గారు కలిసి ఇంటింటికీ వెళ్లి, ఆ ఇంట్లో దేవుడి స్థానం ఎలా ఉందో అడిగి తెలుసుకుంటారు. పద్దెనిమిదేళ్లుగా హార్లన్ కూడా పెద్దే. ఎందరి ఇళ్లలోనో సోఫా అంచున కూర్చుని గంభీరంగా అడిగినవాడే. అయినా పెద్దల ఇళ్లకీ దర్శనం తప్పదు. ఈసారి వచ్చేది క్లారెన్స్ డి బూర్. చిన్నప్పుడు ఒకే బెంచీ మీద కూర్చున్నవాడు, కంటికి కనిపించింది కడుపులో దాచుకోలేనివాడు. అతని ముందు ఆర్డిత్ అత్తగారి ద్వారా కాఫీ అందిస్తే, శుక్రవారం పొద్దున దాణా కొట్టు తెరిచేసరికి ఊరంతా తెలుస్తుంది. సొంత ఇల్లు చక్కదిద్దుకోలేనివాడు సంఘాన్నేం చక్కదిద్దుతాడు అని హార్లన్ మునుపొకాయన్ని నిలదీసి పెద్దరికం మాన్పించాడు కూడా. ఆ మాట ఇప్పుడు గుర్తొచ్చి మిగిలిన దుంప పక్కకి నెట్టేశాడు.

పెద్దరికం పోతే పోయె. అతన్ని నిజంగా తినేస్తున్నది ఇంకొకటి. రోజూ ఏడింటికి కొట్టంలోంచి రాగానే, బూట్లు విప్పకముందే, "ట్రిక్సీ ఎలా ఉంది?" అని అడిగేది ఆర్డితే. నాలుగు రోజులుగా ఎవరూ అడగడం లేదు. కాలు కాస్త నయమైందని చెప్పుకోవడానికి మనిషి లేదు. అతనికి ఏడుపొచ్చినంత పనైంది.

గురువారం మధ్యాహ్నం రెండింటికి, గదులు వెచ్చబెట్టే హీటరు ఫిల్టర్ మార్చే వంకతో, హార్లన్ చర్చి తాళం తీశాడు. ఎవరూ లేరు. మెట్లు దిగి హాల్లోకి వెళ్లి కార్డు వెతికాడు. వెతకాల్సినంత పనేం లేకపోయింది. దాని కింద ఎవరో పెన్సిల్‌తో "కాలు ఎలా ఉంది?" అని రాశారు. ఆ కింద ఇంకెవరో, వేరే చేతిరాతతో, "ఎవరి కాలు?" అని రాశారు.

పిన్ను పీకి కార్డు జేబులో పెట్టుకున్నాడు. వెనక్కి తిరగబోతుండగా బోర్డు కింది మూల ఇంకో కార్డు కనిపించింది. సగం ఇంకో కార్డు చాటున ఉంది. ఆ గుండ్రటి అక్షరాలు అతనికి బాగా తెలుసు. నేలమాళిగలో ఊరగాయ సీసాల మీద ముప్ఫై ఆరేళ్లుగా చూస్తున్న అక్షరాలే.

మా ఆయన బీపీ మాత్ర. మా అత్తయ్య మేజోళ్లు. దూడల పాలు. సండే స్కూల్ పాఠం. చర్చి వంట. ఆరో వరసలో దేవుడు. ఆ పక్కన సన్నటి అక్షరాలతో ఇంకొక మాట ఉంది. ఈ వారం కుదరలేదు, చాలా వారాలుగా కుదరడం లేదు.

హార్లన్ చిన్నపిల్లల కుర్చీలో కూలబడ్డాడు. మోకాళ్లు గడ్డానికి వచ్చాయి. ఇరవై రెండేళ్లుగా ఇదే గదిలో ఊళ్లో పిల్లలందరికీ ప్రార్థన నేర్పిన మనిషి ఆమె. తను నాలుగున్నరకి లేచి తీరిగ్గా దేవుణ్ణి తలుచుకునే అరగంటలో ఆమె ఏం చేస్తూ ఉంటుందో అతను ఎన్నడూ ఆలోచించలేదు. ఇప్పుడు ఆలోచిస్తే తెలిసింది. వంటింట్లో లైటు వెలుగుతూ ఉంటుంది. దూడల సీసాల చప్పుడు వినిపిస్తూ ఉంటుంది. ఆ చప్పుడు వల్లే తన ధ్యాస చెదురుతోందని ఒకటి రెండుసార్లు విసుక్కున్నాడు కూడా.

సిగ్గేసింది. క్లారెన్స్ కంటపడితే ఆర్డిత్ పరువేం కాను అని భయమూ వేసింది. ఆ కార్డు కూడా పీకి జేబులో పెట్టుకున్నాడు. ఫిల్టర్ సంగతి మరిచే పోయాడు.

ఏడింటికి సరిగ్గా పాస్టర్ గారూ క్లారెన్సూ వచ్చారు. ముందుగదిలో నలుగురూ, హిల్డాతో ఐదుగురూ కూర్చున్నారు. ఆర్డిత్ బాదం రొట్టె కోసింది, కాఫీ పోసింది. హార్లన్ కప్పు అత్తగారి చేతికిచ్చింది. హిల్డా దాన్ని కొడుక్కి అందించింది. క్లారెన్స్ కళ్లు కప్పుతో పాటే ప్రయాణం చేశాయి.

క్లారెన్స్ జేబులోంచి నలిగిన నోటుబుక్కు తీశాడు. దాని అవసరం ఎవరికీ లేదు. ఆ ప్రశ్నలు హార్లన్‌కి అతనికన్నా బాగా వచ్చు. అలవాటు ప్రకారం హిల్డా సంచీలోంచి పిప్పరమెంట్లు తీసి తలా ఒకటి పంచింది. చర్చిలో ప్రసంగం మొదలవగానే చేసే పని ఇది, దైవ విషయాలు మాట్లాడితే ఆమె చెయ్యి దానంతటదే సంచీలోకి వెళుతుంది.

కుటుంబ ప్రార్థన సాగుతోందా అని క్లారెన్స్ అడిగాడు. సాగుతోంది, ఈమధ్య మరీ పొడుగ్గా సాగుతోంది అని హిల్డా చెప్పింది. భార్యాభర్తల మధ్య సఖ్యత ఉందా అని తర్వాతి ప్రశ్న. హార్లన్ పిప్పరమెంటు బుగ్గ మార్చుకున్నాడు. ఆర్డిత్ రొట్టె కత్తి తుడిచింది. గోడ గడియారం మాత్రం కొట్టుకుంటోంది.

పాస్టర్ గారికి జాలేసిందో ఏమో, తనొక మాట అడుగుతానని కల్పించుకున్నారు. బోర్డు మీద డెబ్బై మూడు కార్డులు గుచ్చారట. అన్నీ చదివారట.

"డెబ్బై రెండు కార్డుల్లో దేవుడే మొదట," అన్నారాయన. "ఇంత పరిశుద్ధమైన ఊరికి పాస్టర్ ఎందుకో నాకర్థం కాలేదు. ఒక్కరు మాత్రం దేవుణ్ణి చివర రాశారు. సాయంత్రం చూస్తే ఆ కార్డు లేదు. మధ్యాహ్నం మీరు హీటరు పని మీద వెళ్లారట కదా హార్లన్ గారూ, ఎవరైనా తీస్తుంటే చూశారా?"

ఆర్డిత్ ముఖంలో రంగు మారింది. కత్తి పళ్లెంలో పెట్టి, తల ఎత్తి, నాలుగు రోజుల తర్వాత మొదటిసారి మొగుడి కళ్లలోకి సూటిగా చూసింది. ఆ చూపులో కోపం లేదు. ఆమె అంతగా భయపడటం హార్లన్ ఇన్నేళ్లలో చూడలేదు. క్లారెన్స్ పెన్సిల్ బుక్కు మీద ఆగింది.

"అది నాదే," అన్నాడు హార్లన్.

పాస్టర్ గారు తికమకపడ్డారు. మీ కార్డు ట్రిక్సీది కదా అన్నారు.

"రెండు రాశాను. మొదటిది పైకి చెప్పుకోడానికి. రెండోది నిజం."

ఎంత తేలిగ్గా వచ్చిందో ఆ అబద్ధం. పద్దెనిమిదేళ్ల పెద్దరికం చేజేతులా పోగొట్టుకుంటున్నానని తెలిసినా అతనికి హాయిగానే ఉంది. ఆ హాయి ఎంతోసేపు నిలవలేదు. పాస్టర్ గారు చాలా నెమ్మదిగా, బాధపడుతున్నట్టు, ఇంకో మాట అడిగారు.

"కానీ అందులో మొదటి వరస 'మా ఆయన బీపీ మాత్ర' అని ఉన్నట్టు గుర్తు."

క్లారెన్స్ కాఫీ కప్పు కింద పెట్టాడు.

"మీ ఆయనెవరు హార్లన్?" అన్నాడు క్లారెన్స్.

హార్లన్‌కి చెవులు ఎర్రబడ్డాయి. ఏదో ఒకటి అనాలి కాబట్టి అది తన మాత్రేననీ, పొరపాటున అలా పడిందనీ గొణిగాడు. మరి రెండో వరసలో అత్తయ్య మేజోళ్లు ఉన్నాయే అని పాస్టర్ గారే అడిగారు. హార్లన్ అత్తగారు పోయి పదకొండేళ్లయింది.

"నా మేజోళ్లా?" అంది హిల్డా చెవి మిషన్ సవరించుకుని. "వీడా తొడిగేది? వీడికి అవి ఏ సొరుగులో ఉంటాయో కూడా తెలియదు."

అప్పుడు నవ్వు వినిపించింది. ఆర్డిత్ నవ్వుతోంది. ఆపుకోబోయి, ఆగక, ఏప్రన్ ముఖానికి అడ్డం పెట్టుకుని నవ్వింది. ఏప్రన్ తీసేసరికి కళ్లు తడిగా ఉన్నాయి. ఏది ముందు వచ్చిందో చెప్పడం కష్టం.

"నా కార్డు ఇటివ్వు హార్లన్," అంది.

నాలుగు రోజుల తర్వాత నేరుగా అతనితో అన్న మొదటి మాట అది. మధ్యలో హిల్డా లేదు. హార్లన్ జేబులోంచి తీసి ఇచ్చాడు. ఆర్డిత్ దాన్ని బాదం రొట్టె పక్కన, అందరికీ కనిపించేలా పెట్టింది.

"నాదే పాస్టర్ గారూ. ఇరవై రెండేళ్లుగా పిల్లలకి దేవుడే మొదట అని చెబుతున్నాను. నేను ఆయనతో రెండు మాటలు మాట్లాడి ఎన్నాళ్లయిందో నాకే గుర్తు లేదు. అలిసిపోయి పడుకుంటాను, ఆమెన్ కూడా అనకుండా నిద్రపోతాను. ట్రిక్సీ తర్వాత రాశాడని మొగుడి మీద కోపం తెచ్చుకున్నానే గానీ, మేజోళ్ల తర్వాత రాసినందుకు దేవుడు నా మీద ఎంత కోపం తెచ్చుకోవాలి?"

పాస్టర్ గారు మందలిస్తారేమోనని అందరూ చూశారు. ఆయన మందలించలేదు. నెలరోజులుగా తన పరిస్థితీ అదేనన్నారు. ప్రసంగాలు రాసే హడావుడిలో ప్రార్థనకి తీరిక దొరకడం లేదట. బోర్డుకి గుచ్చిన తన కార్డులో కూడా దేవుడు మొదటే ఉన్నాడట. అది అబద్ధమట. క్లారెన్స్ పెన్సిల్ జేబులో పెట్టేశాడు. ఇలాంటి సమాధానానికి అతని బుక్కులో చోటు లేదు.

"అయితే ఏం చేద్దామనుకుంటున్నారు?" అని పాస్టర్ గారు అడిగారు.

ఆర్డిత్ అప్పటికప్పుడే ఆలోచించుకున్నట్టుంది. "రేపు పొద్దున ఐదున్నరకి కుట్టుమిషన్ గదిలో తలుపేసుకుని కూర్చుంటాను. అరగంట. ఇల్లు కూలినా నన్నెవరూ పిలవకూడదు."

మంచి నిర్ణయమే అన్నారు అంతా. దేవుడికి మొదటి చోటు దొరికినందుకు క్లారెన్స్ ముగింపు ప్రార్థన కూడా చేశాడు. ఆమెన్ అన్నాక ఎవరికో సందేహం వచ్చింది. మరి దూడలు? మాత్ర? మేజోళ్లు? అప్పుడు అందరూ హార్లన్ వైపు తిరిగారు.

శుక్రవారం పొద్దున ఐదున్నరకి కుట్టుమిషన్ గది తలుపు మూసుకుంది.

హార్లన్ ఆ రోజు నాలుగింటికే లేచాడు. పాలు పితకడం సగంలో ఆపి వచ్చి దూడల పాలు కలిపాడు. వేడి ఎక్కువైంది. చల్లార్చాడు, చల్లదనం ఎక్కువైంది. పదకొండు దూడలు ఒకేసారి అరిచాయి. మాత్ర వేసుకున్నానో లేదో గుర్తు రాక డబ్బాలో మాత్రలు రెండుసార్లు లెక్కపెట్టాడు. సండే స్కూల్ పాఠం ఎక్కడుందో వెతకబోయి, చర్చి వంటకి నానబెట్టిన చిక్కుళ్ల గిన్నె నేల మీద పడేశాడు.

అన్నిటికన్నా మేజోళ్లు. ఉబ్బిన కాళ్లకి డాక్టరు ఇచ్చిన బిగుతు మేజోళ్లవి. ఆరువందల కిలోల ట్రిక్సీ కాలు ఎత్తిపట్టి కట్టు మార్చగలిగినవాడు, తల్లి పాదం ఒకటి పట్టుకుని పావుగంట కుస్తీ పట్టాడు. మడమ దగ్గర ఇరుక్కుంటే ముందుకీ పోదు, వెనక్కీ రాదు.

"అలా లాగకురా, అది ఆవు కాలు కాదు," అంది హిల్డా. "లోపలి వైపు పైకి తిప్పి మడమ దాకా తొడిగి, తర్వాత లాగుతుంది ఆర్డిత్. రోజూ రెండు నిమిషాలు పడుతుంది దానికి. ఒక్కరోజూ విసుక్కోలేదు."

హార్లన్ ఆమె చెప్పినట్టే తిప్పి తొడిగాడు. ముప్ఫై ఆరేళ్లుగా తన మొదటి అరగంటని ఎవరు మోశారో ఇప్పుడు అతని చేతులకి తెలిసింది.

ఆరు దాటింది. ఆరుంపావు అయింది. అరగంటే అన్న మనిషి బయటికి రాలేదు. దూడల అరుపులు ఆగలేదు. హార్లన్ రెండో మేజోడు చేత్తో పట్టుకుని, చప్పుడు కాకుండా ఆ తలుపు దగ్గరికి వెళ్లాడు. పిలవకూడదన్న సంగతి గుర్తుంది. కొట్టకూడదన్నదీ గుర్తుంది. వినకూడదని మాత్రం ఎవరూ అనలేదు.

లోపల ఆర్డిత్ మెల్లగా మాట్లాడుతోంది. మధ్యలో ఆగుతోంది, ముక్కు చీదుతోంది, మళ్లీ మాట్లాడుతోంది. పొరుగింటావిడతో కంచె దగ్గర మాట్లాడినట్టుంది. ఒక మాటా తెలియడం లేదు. అంతలో హార్లన్ అన్న పేరు స్పష్టంగా వినిపించింది.

ఒంటి కాలికి మేజోడుతో హిల్డా చేతికర్ర పొడుచుకుంటూ వెనకే వచ్చింది. "ఏమంటోందిరా?" అంది గుసగుసగా.

"నా పేరు చెబుతోంది."

"ఫిర్యాదు చేస్తోందా, నీ కోసం అడుగుతోందా?"

"తెలియడం లేదమ్మా."

హిల్డా కొడుకుని పక్కకి జరిపి, చెవి మిషన్ పూర్తిగా పెంచి, చెవి తలుపుకి ఆనించింది. హార్లన్ మేజోడు గుండెలకి అదుముకుని ఊపిరి బిగబట్టాడు. చాలాసేపటికి ఆమె తల ఎత్తింది.

"ఇప్పుడు ట్రిక్సీ కాలు గురించి చెబుతోంది," అంది. "నీ తర్వాతే."